విద్యార్థి సోదర సంఘాలు: ఆల్ఫా ఫై ఆల్ఫా నేర్పే పాఠం

'ఒక చెయ్యి తట్టితే చప్పుడు కాదు' అని పెద్దలు చెప్పిన సామెత. చదువు విషయానికి వచ్చేసరికి మాత్రం మనం ఈ సామెతను మరచిపోతూ ఉంటాము. పాఠం ఎవరికి వారు చదువుకోవలసినదే, పరీక్ష ఎవరికి వారు వ్రాయవలసినదే కాబట్టి విద్యాప్రగతి పూర్తిగా వ్యక్తి ప్రతిభకు సంబంధించిన విషయమని భావిస్తాము. పట్టా పుచ్చుకున్న విద్యార్థిని అభినందిస్తాము. మధ్యలో మానివేసిన విద్యార్థిని మందబుద్ధి అనో, శ్రద్ధ లేనివాడనో అనుకొని ఊరుకుంటాము. ఈ ఆలోచన ఎంతవరకు సరియైనదో విచారించడానికి, ఒక శతాబ్దం క్రిందట అమెరికాలో ఒక చిన్న విద్యార్థి బృందం నెలకొల్పిన సంఘం చరిత్ర మనకు ఎంతగానో ఉపకరిస్తుంది. ఆ సంఘం పేరు ఆల్ఫా ఫై ఆల్ఫా.

గ్రీకు అక్షరాల సంఘాలు

అమెరికా కళాశాలలలో 'ఫ్రేటర్నిటీ' అని పిలువబడే సంఘాలు ఉన్నాయి. సోదర సంఘం అని మనం అనువదించుకోవచ్చు. మన ఉర్దూ విభాగం విద్యార్థులకు ఈ మాట వినగానే 'అంజుమన్' అన్న పదం స్ఫురిస్తుంది. ఈ సంఘాల పేర్లు సాధారణంగా రెండు మూడు గ్రీకు అక్షరాలతో ఏర్పడతాయి. వీటిలో మొట్టమొదటిదిగా చెప్పబడే ఫై బీటా కప్పా 1776 డిసెంబరులో వర్జీనియా రాష్ట్రంలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టింది. అది క్రమంగా ఉత్తమ విద్యార్థులను గౌరవించే సంస్థగా మారింది. పందొమ్మిదవ శతాబ్దంలో వెలసిన ఇతర సంఘాలు కలిసి నివసించడం, కలిసి భుజించడం, ఒకరికొకరు తోడ్పడటం ప్రధానంగా పెట్టుకున్నాయి. ఒక్కొక్క కళాశాలలోని విభాగాన్ని 'చాప్టర్' అంటారు. మన భాషలో శాఖ అనవచ్చు. మొదటి శాఖకు ఆల్ఫా, రెండవదానికి బీటా, మూడవదానికి గామా అని గ్రీకు అక్షరక్రమంలో పేర్లు పెట్టడం పరిపాటి.

ఈ సంఘాలలో సభ్యత్వం అడిగిన ప్రతివారికీ లభించేది కాదు. ఉన్న సభ్యులు అంగీకరించి చేర్చుకోవాలి. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో ఈ సంఘాల తలుపులు నల్లజాతి విద్యార్థులకు మూసుకొని ఉండేవి. సంఘంలో స్థానం లేకపోవడమంటే కేవలం విందు వినోదాలకు దూరం కావడం కాదు. వసతి, భోజనం, పాత నోట్సులు, పై తరగతివారి సలహాలు, చదువు ముగిసిన తరువాత ఉద్యోగానికి పరిచయాలు ఇవన్నీ చాలావరకు ఆ ఇండ్లలోనే పంచుకోబడేవి. తరగతి గది తలుపు తెరచి, తక్కిన తలుపులన్నీ మూసివేసినట్లయింది.

ఇథాకా పట్టణంలో ఏడుగురు

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అనే చిన్న పట్టణంలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్నది. 1865లో స్థాపితమైన ఆ విద్యాలయంలో నల్లజాతివారికి ప్రవేశం నిషేధింపబడలేదు. అయినప్పటికీ 1904-05 విద్యా సంవత్సరంలో చదివిన ఆరుగురు నల్లజాతి విద్యార్థులు మరుసటి సంవత్సరం తిరిగి రాలేదు. ఎవరూ వారిని వెళ్లగొట్టలేదు. ఏ నోటీసు బోర్డు మీదా వారి పేర్లు కొట్టివేయబడలేదు. వారు రాలేదు, అంతే. 

ఆ తరువాత చేరిన విద్యార్థుల మనస్సులో ఈ ఆరుగురి విషయం ముల్లువలె నాటుకున్నది. వారు పట్టణంలోని నల్లజాతి కుటుంబాల ఇండ్లలో తలదాచుకుంటూ, కొందరు తెల్లవారి సోదర సంఘ భవనాలలోనే వడ్డన పనులు చేసుకుంటూ చదువుకునేవారు. ఏ బల్ల వద్ద తాము కూర్చోవడానికి వీలులేదో ఆ బల్లకే పళ్లెములు అందిస్తూ, ఆ బల్ల చుట్టూ చేరినవారికి లభించే బలమేమిటో వారు కన్నులారా చూశారు. 1905-06లో వారు ఒక బృందంగా కూడి, కలిసి చదవడం, సాహిత్యాన్ని చర్చించుకోవడం, ఒకరి కష్టం మరొకరు తెలుసుకోవడం మొదలుపెట్టారు. 1906 డిసెంబరు 4వ తేదీన ఆ బృందం సోదర సంఘంగా రూపొందింది. హెన్రీ ఆర్థర్ క్యాలిస్, చార్లెస్ హెన్రీ చాప్మన్, యూజీన్ కింకిల్ జోన్స్, జార్జ్ బిడిల్ కెల్లీ, నథానియల్ ఆలిసన్ ముర్రే, రాబర్ట్ హెరాల్డ్ ఓగిల్, వర్ట్‌నర్ వుడ్సన్ టాండీ అనే ఏడుగురిని స్థాపకులుగా గుర్తించి 'సప్తరత్నాలు' అని ఆ సంఘంవారు నేటికీ స్మరిస్తారు. శాఖకు తొలి అధ్యక్షుడు కెల్లీ.

సాహిత్య సంఘమా, సోదర సంఘమా?

ఈ స్థాపన నిరాటంకంగా జరిగిందనుకోవడం పొరపాటు. తొలి బృందాన్ని సమీకరించడంలో ముఖ్యపాత్ర వహించిన చార్లెస్ పాయిన్‌డెక్స్టర్ అనే విద్యార్థి అది సాహిత్య సంఘంగానే ఉండాలని వాదించాడు. క్యాలిస్, జోన్స్ మొదలైనవారు సోదర సంఘం కావాలన్నారు. చివరకు రెండవ పక్షమే నెగ్గింది. పాయిన్‌డెక్స్టర్ పేరు సప్తరత్నాలలో చేరలేదు.

ఈ వివాదాన్ని మనం తేలికగా తీసివేయరాదు. సాహిత్య సంఘానికి ఎవరైనా రావచ్చు, ఎవరైనా పోవచ్చు. దాని ద్వారం విశాలమైనది. కాని సాహిత్య సంఘంలో ఒక సభ్యుడు రెండు వారాలు రాకపోతే 'ఈ మధ్య కనబడటం లేదు' అని అనుకోవడంతో సరిపోతుంది. సోదర సంఘంలో అట్లా కుదరదు. సోదరుడు రాకపోతే ఇంటికి వెళ్లి తలుపు తట్టాలి. ద్వారం ఇరుకైనా బాధ్యత లోతైనది. ఆ ఏడుగురికి కావలసినది ఆ లోతే అని నా అభిప్రాయం. ఆరుగురు వెళ్లిపోయినప్పుడు లోపించినది ఉపన్యాసాలు కావు, తలుపు తట్టే చేయి. అయితే పాయిన్‌డెక్స్టర్ కోరిన విశాలత కూడా విలువలేనిది కాదు. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

శాఖ నడిచే తీరు

మరుసటి సంవత్సరమే, అనగా 1907లో, వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో బీటా శాఖ, రిచ్మండ్ నగరంలోని వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయంలో గామా శాఖ వెలిశాయి. 1908లో తొలి మహాసభ జరిగింది. 1914 నుండి 'ది స్ఫింక్స్' అనే పత్రిక వెలువడింది. నేడు ఆ సంఘానికి వందలాది శాఖలు ఉన్నాయి. 1940 దశకం మధ్య నుండి ఇతర జాతులవారికీ సభ్యత్వం ఇవ్వసాగారు.

శాఖ అంటే ఒక చిన్న ప్రజాస్వామ్యం వంటిది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎన్నికవుతారు. సభ్యులు చందా చెల్లిస్తారు. సమావేశపు వివరాలు పుస్తకంలో నమోదవుతాయి. సభ్యత్వానికి నిర్ణీతమైన సగటు మార్కులు ఉండాలన్న నియమం ఉన్నది. లెక్క చూడటం, తీర్మానం వ్రాయడం, సభలో విభేదించి కూడా మర్యాద తప్పకుండా మాట్లాడటం, ఓడిపోయిన తరువాత నెగ్గినవారితో కలిసి పనిచేయడం, ఇవన్నీ పాఠ్యపుస్తకంలో లేని పాఠాలు. వీటిని ఇరవై ఏండ్ల వయస్సులో నేర్చుకున్నవాడు నలభై ఏండ్ల వయస్సులో ఊరికి ఉపయోగపడతాడు.

మరొక విశేషం పట్టభద్రుల శాఖలు. చదువు పూర్తి కాగానే సంబంధం తెగిపోదు. ఉద్యోగంలో, వృత్తిలో స్థిరపడినవారు తమ ఊళ్లలో శాఖలుగా ఏర్పడి విద్యార్థి శాఖలకు అండగా నిలుస్తారు. నది దాటినవాడు పడవను అవతలి ఒడ్డుననే వదిలివేయకుండా, వెనుకవారి కోసం తిరిగి పంపే ఏర్పాటు ఇది.

సాధించినది ఏమిటి?

ఒక సంఘాన్ని దాని ఆశయ ప్రకటనను బట్టి గాక, అది పెంచిన మనుషులను బట్టి, చేసిన పనులను బట్టి కొలవాలి. స్థాపకులలో క్యాలిస్ వైద్యుడై హోవర్డ్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో నమోదైన తొలి నల్లజాతి వాస్తుశిల్పి. హార్లెంలోని సెయింట్ ఫిలిప్స్ చర్చి నిర్మాణంలో అతని చేయి ఉన్నది. కెల్లీ ఇంజనీరు, చాప్మన్ వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు, ముర్రే ఉపాధ్యాయుడు. జోన్స్ నేషనల్ అర్బన్ లీగ్ కార్యదర్శిగా దక్షిణ రాష్ట్రాల నుండి నగరాలకు వలస వచ్చిన నల్లజాతి కార్మికుల ఉపాధికై సుదీర్ఘకాలం కృషి చేశాడు.

1920 దశకం తొలినాళ్లలో ఆ సంఘం 'హైస్కూలుకు వెళ్లండి, కాలేజీకి వెళ్లండి' అన్న నినాదంతో ఒక ఉద్యమం ఆరంభించింది. పట్టణాలలో, చర్చిలలో, పాఠశాలలలో సభ్యులు ప్రసంగించి, తల్లిదండ్రులను ఒప్పించి, పిల్లలను పై చదువులకు పంపే ప్రయత్నం చేశారు. 1930 దశకంలో 'ఓటు లేని జాతికి ఆశ లేదు' అన్న భావంతో ఓటర్ల నమోదుకు పూనుకున్నారు.

ఆ కాలంలోనే ఒక చరిత్రాత్మక వ్యాజ్యం నడిచింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల నల్లజాతివారికి ప్రవేశం ఇచ్చేది కాదు. డొనాల్డ్ గేన్స్ ముర్రే అనే యువకుడు దరఖాస్తు పెట్టగా, జాతి కారణంగా తిరస్కరించారు. సంఘ సభ్యులైన చార్లెస్ హ్యూస్టన్, థర్‌గుడ్ మార్షల్ అతని పక్షాన వాదించారు. సంఘం ఆ పోరాటానికి తోడ్పడింది. 1935లో బాల్టిమోర్ న్యాయస్థానం ముర్రేకు ప్రవేశం ఇవ్వాలని ఆదేశించింది. 1936 జనవరిలో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును స్థిరపరచింది. మార్షల్ బాల్టిమోర్‌లో పుట్టి పెరిగినవాడు. తన సొంత రాష్ట్రపు న్యాయ కళాశాలలో నల్లజాతివారికి చోటు లేనందువలననే హోవర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి 1933లో పట్టభద్రుడైనవాడు. తనకు మూసిన తలుపును మూడేండ్లు తిరగకుండా మరొకరి కోసం తెరిపించాడు. పాఠశాలలలో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన 1954 నాటి బ్రౌన్ కేసులో ప్రధాన న్యాయవాది ఆయనే. 1967లో ఆ న్యాయస్థానంలోనే తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు.

మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్‌లో పరిశోధక విద్యార్థిగా ఉండగా ఈ సంఘంలో చేరాడు. వాషింగ్టన్ నగరంలో ఆయనకు స్మారక నిర్మాణం ఉండాలన్న ఆలోచన ఈ సంఘంవారిదే. 1984లో చేసిన ఆ ప్రతిపాదనకు 1996లో అమెరికా కాంగ్రెసు అనుమతి లభించగా, 2011 అక్టోబరులో స్మారకం జాతికి అంకితమైంది. ఇరవై ఏడు సంవత్సరాలు ఒక పనిని విడువకుండా పట్టుకోవడం వ్యక్తికి కష్టం, సంఘానికి సాధ్యం.

విద్యార్థినుల సంఘాలు

విద్యార్థినులు వెనుకబడి ఉండలేదు. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలోనే ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సోదరీ సంఘం, 1913లో డెల్టా సిగ్మా తీటా అనే మరొక సోదరీ సంఘం ఏర్పడ్డాయి. డెల్టా సభ్యులు స్థాపించిన రెండు నెలలలోపే, 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో జరిగిన మహిళల ఓటుహక్కు ఊరేగింపులో పాల్గొన్నారు.

ఆల్ఫా కప్పా ఆల్ఫావారు 1935 నుండి 1942 వరకు వేసవి సెలవులలో మిసిసిపీ రాష్ట్రంలో నడిపిన ఆరోగ్య పథకం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. డాక్టర్ డొరతీ ఫెరెబీ నాయకత్వంలో వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయినులు స్వంత కార్లలో వందల మైళ్లు ప్రయాణించి వెళ్లారు. ప్రత్తి తోటల యజమానులు తమ కూలీలను వైద్యశిబిరానికి పోనీయకపోతే, ఆ మహిళలు కార్లనే సంచార వైద్యశాలలుగా మార్చి తోటల వద్దకే వెళ్లి, పిల్లలకు మశూచి, డిఫ్తీరియా రాకుండా టీకాలు వేశారు. చదువుకున్న ఆడపిల్ల ఎవరికి ఉపకరిస్తుందని అడిగేవారికి ఇంతకంటె మంచి సమాధానం ఉండదు.

చంద్రునిలో మచ్చ

ఇంత చెప్పి, దోషాలను దాచిపెట్టడం న్యాయం కాదు. సోదర సంఘాలలో తెల్లవారివి, నల్లవారివి అన్న భేదం లేకుండా కొత్త సభ్యులను 'పరీక్షించే' పేరుతో హింసించే దురాచారం వ్యాపించింది. కొట్టడం, నిద్ర లేకుండా చేయడం, అవమానించడం సోదరత్వానికి మెట్లుగా భావింపబడ్డాయి. విద్యార్థులు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలు ఉన్నాయి. 1990లో ప్రధాన నల్లజాతి సంఘాలు పాత ప్రవేశ పద్ధతిని రద్దు చేసుకున్నా, రహస్యంగా అది పూర్తిగా ఆగలేదు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం కళాశాలలు ఇటువంటి సంఘటనలను వెల్లడించి తీరాలని చట్టం చేయవలసి వచ్చింది. మనకు ఇది పరాయి సమస్య కాదు. ర్యాగింగ్ పేరుతో జరిగే ఆగడాలను అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ నిబంధనలు విధించింది.

దీనికి మూలకారణం ఏమిటి? వెలివేయబడినవారు కట్టుకున్న గూడు, కొంతకాలానికి మరికొందరిని వెలివేసే కోటగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 'మేము' అన్న మాటలో చల్లని నీడ ఉన్నది, పదునైన అంచు కూడా ఉన్నది. పాయిన్‌డెక్స్టర్ కోరిన విశాలత విలువ ఇక్కడ తెలుస్తుంది. తన సభ్యుని బాధించి సోదరుని చేసుకుంటానన్న సంఘం, ఆ తిరిగిరాని ఆరుగురిని మరచిపోయిన సంఘం.

మన కళాశాలకు ఏమి కావాలి?

ముస్లిం విద్యాచరిత్రలో కూడా ఇటువంటి ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉన్నది. 1890లో అలీగఢ్ కళాశాలలో సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ 'అంజుమన్-ఉల్-ఫర్జ్' అనే సంఘాన్ని స్థాపించాడు. ఫర్జ్ అంటే విధి. పేద విద్యార్థుల చదువుకు ధనం కూడబెట్టడం విద్యార్థుల విధి అని ఆ పేరే చెబుతున్నది. సెలవులలో విద్యార్థులు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. కార్నెల్ విద్యార్థులకు పదహారు సంవత్సరాల ముందే మనవారు ఈ సూత్రాన్ని కనుగొన్నారన్నమాట.

నేను ప్రతి సంవత్సరం జూలైలో మొదటి సంవత్సరపు హాజరు పట్టీ తెరచి పేర్లు పిలుస్తాను. దసరా సెలవుల తరువాత అదే పట్టీ తెరిస్తే కొన్ని పేర్లకు జవాబు రాదు. రెండుసార్లు పిలుస్తాను. 'రావడం లేదు సార్' అని వెనుక బల్ల నుండి ఎవరో అంటారు. విచారిస్తే ఒకరు తండ్రితో పాటు పండ్ల బండి వద్ద నిలబడుతున్నారని, ఒకరికి బస్సు పాసు డబ్బులు సమకూరలేదని, ఒక అమ్మాయికి సంబంధం కుదిరిందని తెలుస్తుంది. అప్పటికే పరీక్ష ఫీజు గడువు దాటిపోయి ఉంటుంది. వీరిలో మందబుద్ధులు ఎవరూ లేరు. మంచి మార్కులతో వచ్చినవారే ఎక్కువ. ఎర్ర సిరాతో వారి పేరు కొట్టివేసేటప్పుడు నాకు ఇథాకా పట్టణంలోని ఆరుగురు గుర్తుకు వస్తారు. రెండు నెలల ముందు ఎవరైనా తలుపు తట్టి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్న నన్ను విడిచిపెట్టదు. ఆ ప్రశ్న నాకు కూడా వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాను.

మనకు గ్రీకు అక్షరాలు అక్కరలేదు, రహస్య దీక్షలు అసలే వద్దు. ప్రతి మొదటి సంవత్సరపు విద్యార్థికి ఒక చివరి సంవత్సరపు విద్యార్థి అన్నగా, విద్యార్థినికి ఒక అక్కగా బాధ్యత వహించవచ్చు. వారం రోజులు వరుసగా తరగతికి రానివారి ఇంటికి ఇద్దరు వెళ్లి పలకరించవచ్చు. విద్యార్థులే కోశాధికారిని ఎన్నుకొని, లెక్కలు అందరి ఎదుట చదివే చిన్న నిధి ఒకటి నెలకొల్పవచ్చు. పూర్వ విద్యార్థులకు ఏడాదికి ఒకసారి విందు ఏర్పాటు చేయడం కంటె, ఒక్కొక్కరికి ఒక్కొక్క విద్యార్థి పరీక్ష ఫీజు అప్పగించడం మేలు. ఉర్దూ మాధ్యమంవారు, తెలుగు మాధ్యమంవారు అన్న గీత, ముస్లిమేతర విద్యార్థులు అన్న గీత ఈ సంఘంలో ఉండరాదు. మైనారిటీ కళాశాలలో మళ్లీ మైనారిటీలను సృష్టించడం మన పెద్దల ఆశయం కాదు. కమిటీ పెద్దలు సంవత్సరాంతంలో ఎందరు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారని అడుగుతారు. అది అడగవలసిన ప్రశ్నే. దానితో పాటు, జూలైలో చేరినవారిలో ఎందరు పరీక్ష హాలు వరకు వచ్చారని కూడా అడగవలసినదిగా సవినయంగా మనవి చేస్తున్నాను.

విద్యార్థులారా! సంఘం పేరు ఏదైనా కావచ్చు, జెండా ఏ రంగుదైనా కావచ్చు. సోదరత్వం సభావేదిక మీద కాదు, ఖాళీ అయిన కుర్చీ వద్ద మొదలవుతుంది. రేపు తరగతిలో మీ ప్రక్కన కూర్చునేవారు కనబడకపోతే, హాజరు పట్టీ దసరా దాకా వేచి ఉంటుంది గాని మీరు వేచి ఉండకండి. ఆ సాయంకాలమే వారి ఇంటికి వెళ్లండి.